రెండు గంటలకొకసారి

గట్టయ్య ముఖం మీదికి ఒకసారి వంగినవాళ్లు రెండోసారి వంగేవాళ్లు కాదు. పదమూడు రోజుల జ్వరం. పెదవులు పగిలి నెత్తురు ఎండిపోయింది. పళ్ల మీద గోధుమరంగు గార అట్టలు కట్టింది. నాలుక మీద పాచి మందంగా పేరుకుని, ఊపిరి వదిలినప్పుడల్లా ఆ వాసన రెండు మంచాల అవతలికి పోయేది. డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు కాళ్ల దగ్గరే నిలబడి, చార్టు చూసి, కాప్స్యూళ్లు నడవనిమ్మని చెప్పి పక్క మంచానికి జరిగేవాడు.

ఆ కాప్స్యూళ్లు నడవడమే లేదని విమలకు తెలుసు. నోట్లో వేస్తే ఎండిన నాలుకకు అతుక్కుని అక్కడే ఉండిపోయేవి. జావ పోస్తే సగం గడ్డం మీదుగా కారిపోయేది. భార్య సమ్మక్క దాన్ని కొంగుతో తుడిచి, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి, మళ్లీ మంచం కిందికి జరిగి కూర్చునేది. కురవి నుంచి వచ్చిన ఆ మనిషి నాలుగు రోజులుగా ఆ రెండడుగుల నేల మీదే తిని, అక్కడే పడుకుంటోంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో బియ్యం మిల్లుల షావుకార్లు నలుగురు కలిసి కట్టించిన ధర్మ దవాఖాన అది. జనం నోట్లో మిల్లు దవాఖాన. ఇరవై నాలుగు మంచాలు, ఒక డాక్టరు, ముగ్గురు నర్సులు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో ఒక ఏడాది చదువు మూలపడ్డ జనగామ పిల్ల విమల, ఆ ఏడాది ఆలస్యంగానే నర్సు అయి, డెబ్బై నాలుగు వానాకాలంలో ఇక్కడ చేరింది. చేరిన కొత్తలోనే ఆమెకొక సంగతి అర్థమైంది. మంచం పట్టిన మనిషి నోరు కడగడం ఇక్కడ ఎవరి పనీ కాదు. డాక్టరు అడిగితే నర్సులు చూసుకుంటారనేవాడు. పెద్ద నర్సు పుష్పమ్మ అది ఆయాల పని అనేది. ఆయా పెంటమ్మ, ఇంటివాళ్లు ఎందుకున్నట్టో అని గొణిగేది. ఇంటివాళ్లకేమో జ్వరం మనిషికి నీళ్లు తగలనివ్వకూడదని పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంతమంది మధ్య రోగి నోరు మాత్రం కుళ్లుతూ ఉండేది.

పోయిన నెలలో ఇదే వార్డులో బట్టల దుకాణం గుమస్తా ఒకడు ఇదే జ్వరంతో పడుకున్నాడు. జ్వరం తగ్గుముఖం పట్టాక చెవి కింద దవడ ఉబ్బింది. చీము పట్టింది. నోరు తెరవలేక, మింగలేక, ఆరో రోజున పోయాడు. కాగితాల్లో టైఫాయిడ్ అని రాశారు. నోట్లోని మురికే దవడలోకి పాకిందని విమల అనుకుంది గానీ పైకి అనలేదు. అనకపోవడం ఆమెను లోపల తింటూనే ఉంది.

అందుకే ఆ మంగళవారం, డాక్టరు రౌండు అయిపోగానే, స్టవ్ మీద నీళ్లు మరిగించి ఉప్పు వేసి చల్లార్చింది. స్టోరులో దూది లేదు. తన పాత నూలు చీరను చించి, ఆ ముక్కలను ఉడకబెట్టి ఆరేసి తెచ్చుకుంది. పుష్పమ్మ వాటిని చూసి ముఖం చిట్లించింది. గుంటూరు వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయిన మనిషి, చెడ్డది మాత్రం కాదు.

"ఒకళ్ల ఎంగిలి నోట్లో వేలు పెట్టి, ఆ చేత్తోనే ఇంకొకళ్లకి సూదేస్తావా? ఒక్కడి నోరు కడుగుతూ కూర్చుంటే మిగతా ఇరవై మూడు మంచాలు ఎవరు చూస్తారమ్మా?"

సబ్బుతో కడుక్కుంటానని విమల చెప్పింది. ఇరవై మూడు మంచాల మాట నిజమే. అందుకని తొందర తొందరగా చేయాలనుకుంది. ఆ తొందరే కొంప ముంచింది.

గట్టయ్య తలను ఒక పక్కకు తిప్పి, చెంప కింద పళ్లెం పెట్టింది. చెంచా కాడకు గుడ్డముక్క చుట్టి, ఉప్పునీళ్లలో ముంచి పిండి, ముందు పెదవులను తడిపింది. ఎండిన అట్టలు ఊడదీస్తే నెత్తురు వస్తుంది కాబట్టి నానేదాకా ఆగింది. తర్వాత పై పళ్లు, కింది పళ్లు, చెంపల లోపలి వైపు. ఒక్కో గుడ్డముక్క ఒక్కసారే. నాలుకను వెనక నుంచి ముందుకు మెల్లగా తుడిచింది. గొంతుకు తగిలితే డోకు వస్తుంది, నీళ్లు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి జారతాయి. గోధుమరంగు ముద్దలు పళ్లెంలో పడుతుంటే సమ్మక్క కళ్లార్పకుండా చూస్తోంది. పదకొండు ముక్కలు అయ్యాక లోపల ఎర్రటి నాలుక కనిపించింది. పెదవులకు కొబ్బరినూనె రాసింది. ఆ తర్వాత చెంచాతో జావ పోస్తే గట్టయ్య గుటక వేశాడు. మళ్లీ పోసింది. మళ్లీ వేశాడు. కాప్స్యూలు దిగింది. విమలకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇది రెండు గంటలకొకసారి జరగాలి. తను ఒక్కతే చేయలేదు. సమ్మక్కను పిలిచి, చేతికి గుడ్డ ఇచ్చి, వేలికి చుట్టించి, ఉప్పునీళ్లలో ముంచించి, భర్త నోరు తడిపించింది. అప్పుడే ఊరి నుంచి గట్టయ్య తమ్ముడు ఐలయ్య వచ్చాడు. గట్టయ్యను చూడటానికి వచ్చిన మేనత్త ఒకామె కూడా వెంట ఉంది. సమ్మక్క నిద్రపోయినప్పుడు చేయడానికి మనిషి ఉండాలి కదా అని విమల ఐలయ్య చేత కూడా ఒకసారి చేయించింది. ముసలి మేనత్త చేత కూడా. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వంగి, తడిగుడ్డ ఆ నోటికి పెట్టి, మాట్లాడకుండా పక్కకు జరిగారు.

"రెండు గంటలకొక్కపారి చెయ్యాలె. మరువొద్దు" అంది విమల.

"గిప్పటిసందే షురువు చెయ్యాల్నా నర్సమ్మా?" అని సమ్మక్క అడిగింది.

"గిప్పటిసందే."

సమ్మక్క ముఖం పాలిపోయింది. నిద్రలేక అలా ఉందనుకుంది విమల. అవతల ఎవరికో సెలైన్ అయిపోయిందని పెంటమ్మ పిలుస్తోంది. వెళ్లిపోయింది.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఆ మంచం దగ్గరికి వస్తే గట్టయ్య కళ్లు తెరిచి ఉన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి గొంతు పెగిలింది.

"ఎడ్లకు గడ్డేసిండ్రా?" అన్నాడు.

విమల నవ్వేసింది. సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఐలయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సంతోషానికి కూడా మనుషులు ఏడుస్తారని విమలకు తెలుసు. ఆ రోజు గదికి వెళ్లి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది.

బుధవారం ఉదయం ఆమె వచ్చేసరికి గట్టయ్య మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి కాళ్లవైపు పెట్టారు. దిండు కింద కాప్స్యూళ్ల పొట్లం అలాగే ఉంది.

మనిషి పోయాడేమోననుకుంది. పోలేదని పెంటమ్మ చెప్పింది. తెల్లవారగానే ఐలయ్య ఎడ్లబండి తెచ్చాడట, అడుగున గడ్డి పరిచి, పైన తాటాకు గూడు కట్టి. అందరూ కలిసి ఎత్తి పడుకోబెట్టి తీసుకెళ్లారట. నువ్వెందుకు ఆపలేదని విమల అడిగితే పెంటమ్మ వింతగా చూసింది.

"నేనెందుకు ఆపుత మేడం? ఆఖరి నీళ్లు నువ్వే పోపిస్తివి గద, వరుసపెట్టి ముగ్గురితోని. పానం ఉన్నప్పుడే ఇల్లు చేరాల్నని తొందరపడ్డరు పాపం."

విమల మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది. ఆమెకు తెలియని సంగతా ఇది? ఎనిమిదేళ్లప్పుడు జనగామలో నాయనమ్మ పోతుంటే ఎవరో తనను ఎత్తుకుని, చేతికి తడిగుడ్డ ఇచ్చి, ఆ ముసలి పెదవుల మధ్య పిండించారు. కొడుకులు, కోడళ్లు, మనవలు వరుసగా. నిన్న ఇక్కడ భార్య, తమ్ముడు, మేనత్త వరుసగా. నాలుగు రోజులుగా పెదవి విప్పని మనిషి కళ్లు తెరిచి ఎడ్ల గురించి అడిగితే, పోయే ముందు ఒకసారి అట్లా తెలివి వస్తుందని వాళ్లనుకున్నారు. ఊరి బయట ప్రాణం పోతే శవాన్ని ఇంటి గడప దాటనివ్వరు. అందుకే డాక్టరు వచ్చేదాకా కూడా ఓపిక పట్టలేకపోయారు. అన్నీ ఆమెకు తెలిసినవే. దవాఖానలో నర్సు గౌను వేసుకున్నాక అవన్నీ గుమ్మం బయట ఉండిపోయాయి, అంతే.

వాళ్ల తప్పేముంది? దవాఖానలో బీదవాడికి ఎవరూ ఏదీ నోరు తెరిచి చెప్పరు. మంచం తలుపు దగ్గరికి మార్చారా, సెలైన్ తీసేశారా, డాక్టరు ముఖం ఎట్లా పెట్టాడు - వీటిని చూసి వాళ్లే తెలుసుకోవాలి. నిన్న కూడా చూశారు, తెలుసుకున్నారు.

డాక్టరును బతిమాలింది. కనీసం మందైనా ఎవరితోనైనా పంపిద్దామంది. వెళ్లిపోయినవాళ్ల వెంట మందు పట్టుకుని తిరగడం మన పని కాదన్నాడు డాక్టరు. చెప్పకుండా వెళ్లిపోయారని పుష్పమ్మ పుస్తకంలో రాసింది. ఒక పూట సెలవు అడిగితే, మూడో నర్సు అరుణ పుట్టింటికి పోయి ఉందనీ, ఆదివారందాకా కుదరదనీ చెప్పింది. పట్టుబట్టి అడిగితే పుష్పమ్మ ఇచ్చేదే. విమల పట్టుబట్టలేదు. కురవి ఎంత దూరమని? అరగంట బస్సు. కానీ అక్కడికి వెళ్తే, తను చేసిన పని తన నోటితోనే చెప్పాలి. బుధవారం పోయింది. గురువారం పోయింది. శుక్రవారం బస్టాండు దాకా వెళ్లి, బస్సు నిండుగా ఉందని తిరిగి వచ్చింది. ఆ బస్సులో నిలబడటానికి చోటుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ మూడు రోజులూ వార్డులో ఎవరి నోరూ కడగలేదు. కడుగుదామన్నా కడిగించుకునేవాళ్లు లేరు. పెంటమ్మ నోరు ఊరుకునేది కాదు. నర్సమ్మ ఉప్పునీళ్ల గిన్నె ఎవరి దగ్గరికి తెస్తే వాళ్లిక ఇంటికి బండి మాట్లాడుకోవాల్సిందేనని ఇరవై నాలుగు మంచాలకూ తెలిసిపోయింది.

ఆదివారం కురవి బస్సులో వీరభద్రస్వామి దర్శనానికి వెళ్లేవాళ్ల గంపలు, టెంకాయలు. విమల ఒళ్లో చేతిసంచి, అందులో కాప్స్యూళ్ల పొట్లం. దిగి, బావి దగ్గర నీళ్లు చేదుతున్న ఒకామెను గట్టయ్య ఇల్లెక్కడని అడిగింది. ఆమె చేద ఆపి, విమలను పైనుంచి కిందిదాకా చూసి, మానుకోట నర్సమ్మవా అని అడిగింది. అవునంటే బిందె అక్కడే వదిలి దారి చూపించడానికి ముందు నడిచింది. నడుస్తూ నడుస్తూ, నిన్న పొద్దున పోయిండని చెప్పింది.

ఆ ఇంటి వాకిట్లో అలికిన నేల ఇంకా పచ్చిగా ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు గోడవారగా కూర్చుని ఉన్నారు. విమలను చూసి లేచారు. తిడతారనుకుంది. కొడితే పడాలని కూడా బస్సులో అనుకుంది. వాళ్లు చాప పరిచారు. ఒక ముసలామె విమల గడ్డం పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మంగళవారం తడిగుడ్డ పట్టిన మేనత్త ఆమె.

సమ్మక్క లోపలి నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. నుదురు బోడిగా ఉంది.

"మూడు దినాలు మాతోని మంచిగ మాట్లాడిండు బిడ్డా. నువ్వు చూపెట్టినట్లే రెండు గంటలకొక్కపారి నోరు తడిపినం. వాడకట్టంత వచ్చి తడిపిండ్రు. జావ తాగిండు. ఎడ్లను చూస్తనంటే వాకిట్లకు తోలుకొచ్చి చూపెట్టినం. శుక్రారం పొద్దుమూకి జెరం మళ్ల ఎగేసింది. నిన్న పొద్దుగాల పోయిండు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గా దవాఖానల ఒక్కలన్న ఒక్క మాట చెప్పకపాయిరి. నువ్వొక్కదానివే మమ్ముల మనుషులనుకొని ఎరుక జేసినవ్. లేకుంటే దిక్కులేనోని తీర్గ గాడనే పోతుండె. నీ రుణం ఉంచుకోం బిడ్డా."

ఆడవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు.

మూడు రోజులు. మూడు రోజులు నోరు శుభ్రంగా ఉంది, గొంతులోకి జావ దిగింది. మందు మాత్రం ఇక్కడ, ఈ సంచిలో ఉంది. విమల లేచి దండం పెట్టి వెళ్లిపోవచ్చు. ఈ చాప మీద తనకున్న మర్యాద ఎప్పటికీ చెక్కుచెదరదు. సమ్మక్కకు కూడా, మొగుడిని తన ఇంట్లో తన చేతుల మీదుగా సాగనంపానన్న ఒక్క తృప్తీ మిగులుతుంది. చెప్పకపోవడమే దయ అని ఒక పక్క అనిపించింది. ఇంకో పక్క, చెప్పకపోవడం వల్లనే కదా ఇంతదాకా వచ్చింది అనిపించింది.

"అవ్వా" అంది. "పోతడని పోపియ్యలే అవ్వా నేను గా నీళ్లు. బతుకాల్నని. నోరు సాఫయితే మందు దిగుతది, జావ దిగుతది అని. జెరం తగ్గే మొకానే ఉండె. ఇంకో పది దినాలుంటే లేచి కూసుంటుండె."

గుమ్మంలో నిలబడి వింటున్న ఐలయ్య తల వంచుకుని కొట్టంలోకి వెళ్లిపోయాడు. మేనత్త తన చేతివేళ్లను చూసుకుంది. సమ్మక్క కొంగు అంచును వేళ్లతో మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. తర్వాత తలెత్తింది. కళ్లలో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది.

"గా మాట గాడనే చెప్తే ఏమాయె బిడ్డా?"

నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అడిగి, జవాబు కోసం చూసింది. ఇరవై నాలుగు మంచాల సంగతి, పెంటమ్మ పిలవడం, సెలైన్ అయిపోవడం, ఇవన్నీ విమల నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఆ వాకిట్లో ఆ మాటలు చెప్పడానికి సిగ్గేసింది. ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ పొమ్మనలేదు. కాసేపటికి తనే లేచింది. దారి చూపించడానికి ఈసారి ఎవరూ వెంట రాలేదు.

సోమవారం పొద్దున గట్టయ్య పడుకున్న మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. అమర్‌సింగ్, తండా నుంచి వచ్చాడు, పాతికేళ్లుంటాయి. అదే జ్వరం, అవే పగిలిన పెదవులు, అదే వాసన. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆమె వచ్చి ఒక్క పూటే అయినా వార్డు సంగతులు అప్పుడే చెవిన పడ్డట్టున్నాయి. విమల ఉప్పునీళ్ల గిన్నె, గుడ్డముక్కల పళ్లెం పట్టుకుని రావడం చూడగానే లేచి కొడుకు నోటి మీద అరచెయ్యి మూసింది. దంతపు గాజుల చెయ్యి, గట్టి చెయ్యి. వార్డంతా మాటలు ఆపి అటే చూస్తోంది.

విమల పళ్లెం కింద పెట్టింది. ఆ తల్లి పక్కన నేల మీద కూర్చుంది. నర్సులు వార్డులో నేల మీద కూర్చోరు. గుమ్మంలో నుంచి పుష్పమ్మ పేరు పెట్టి పిలిచింది. విమల లేవలేదు.

కొడుకు పళ్ల మీద కట్టింది ఏమిటో చెప్పింది. అది ఉంటే మందు ఎందుకు దిగదో చెప్పింది. గుమస్తా దవడ ఎట్లా ఉబ్బిందో చెప్పింది. పుష్పమ్మ రెండోసారి పిలిచి, ఈసారి మాట సగంలోనే ఆపేసింది, ఎందుకంటే విమల గట్టయ్య పేరు ఎత్తింది.

"గీ మంచంల ఉన్నాయనకు గిట్లనే చేసిన. ఎందుకు చేస్తున్ననో చెప్పలే. ఆఖరి నీళ్లనుకొని ఇంటికి తీస్కపోయిండ్రు. మందు ఈడనే ఉండిపాయె. మొన్న పోయిండు. తప్పు నాది."

పెంటమ్మ చీపురు పట్టుకుని నిలబడి వింటోంది. ఆ తల్లి చెయ్యి మాత్రం కొడుకు నోటి మీది నుంచి లేవలేదు. విమల ముఖంలోకి చూసింది.

"గీ నీళ్లు పోయేటోళ్లకు కాదా?" అని అడిగింది.

"కాదవ్వా. ఉండేటోళ్లకు."

"అయితే ముందుగాల నాకు పెట్టు."

అని, కొడుకు నోరు మూసిన చెయ్యి తీయకుండానే, తన నోరు తెరిచి కూర్చుంది. విమల లేచి చేతులు కడుక్కుని వచ్చింది. గుడ్డ చుట్టింది, ముంచింది, పిండింది. పొగాకు నమిలి నల్లబడ్డ పళ్లు, దృఢంగా, ఒక్కటి కూడా ఊడనివి. పైవి తుడిచింది, కిందివి తుడిచింది, నాలుక తుడిచింది. ఆమె పళ్లెంలో ఉమ్మి, పెదవులు చప్పరించి, అలాగే కూర్చుంది. తనకేమైనా అవుతుందేమోనని చూసుకుంటోందని విమలకు అర్థమైంది. పక్క మంచాల వాళ్లు కూడా అదే చూస్తున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. కొంతసేపయ్యాక ఆమె కొడుకు నోటి మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ పూట విమల ఏడుగురి నోళ్లు కడిగింది. ప్రతి మంచం దగ్గరా ముందు కూర్చుని, ఎందుకో చెప్పి, వాళ్లు అడిగినదానికి జవాబిచ్చి, ఆ తర్వాతే గుడ్డ తడిపింది. చెప్పడానికి ఎక్కడా రెండు నిమిషాలకు మించి పట్టలేదు.